కూడబెట్టిన వెలుతురు

నేటి గృహస్థుడు తన డాబామీద నీలివన్నె ఫలకములను పఱపించి, మెట్లక్రింది గూటిలో బ్యాటరీని నిలిపి, తన యింటి విద్యుత్తును తానే పుట్టించుకొని తానే దాచుకొనుచున్నప్పుడు, మునుపెవ్వరును చేయని పనికి తాను పూనుకొన్నట్లు తలంచుట సహజమే. కాని చరిత్రను కొంచెము వెనుకకు త్రిప్పి చూచినచో ఈ క్రమము తలక్రిందులుగా కనబడును. వీథిలో స్తంభములు నాటి, తీగలు లాగి, ఇంటింటికిని విద్యుత్తును పంచుట తరువాతి కథ; ఇంటనే పుట్టి, ఇంటనే నిలువయుండి, ప్రొద్దుగ్రుంకగానే ఇంటనే వెలిగిన విద్యుత్తు మొదటి కథ. ఆ మొదటి కథలో సూర్యునకు చోటు లేదు. సూర్యుడు ఈ రంగమునకు చివర వచ్చిన పాత్రధారి. అంతకుముందు డెబ్బదియేండ్లపాటు ఆ స్థానమున గాలిమరయు, వాగునీరును, కిరసనాయిలు ఇంజనును నిలిచి పనిచేసినవి. మారనిది బ్యాటరీ యొక్కటియే. కావున గృహవిద్యుత్తు చరిత్రను వ్రాయదలచినవాడు ఆకసమువైపు చూడక, మొట్టమొదట నేలమాళిగలోనికి దిగవలసియుండును.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను, నడుమ గుడ్డనుంచి చుట్టగా చుట్టి, గంధకామ్లము కలిపిన నీటిలో ముంచి, విద్యుత్తును పలుమాఱులు నింపుకొని పలుమాఱులు తీసికొనుటకు వీలైన మొదటి ఘటమును నిర్మించెను. దానిని నింపుటకు తగిన డైనమోలు అప్పటికి లేవు. వేఱు ఘటములతో నింపి, ఖాళీచేసి, తిరుగ నింపి, ఇట్లు బహుకాలము సాధన చేసినగాని ఆ సీసపు రేకు పదునెక్కెడిది కాదు. 1881లో కామిల్ ఫోర్ అను మఱియొక ఫ్రెంచివాడు, సీసమునుండియే పుట్టు సిందూరమును ముద్దచేసి రేకులకు మెత్తి, ఆ నిరీక్షణమును చాలవఱకు తొలగించెను. మన యూళ్లలో ఆంజనేయస్వామి విగ్రహమునకు పూయుచు వచ్చిన సిందూరమును ఈ జాతిదే యగుట ఇక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఆ సంవత్సరమే, నిండుగా విద్యుత్తు పట్టించిన ఫోర్ ఘటములు కల పెట్టె యొకటి పారిసునుండి గ్లాస్గో నగరమునకు ప్రయాణము చేసెను. తరువాతి కాలమున కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధికెక్కిన విలియం థామ్సన్ దానిని పరీక్షించి మెచ్చుకొనగా, 10 లక్షల అడుగు-పౌనుల శక్తి పెట్టెలో బంధింపబడి సముద్రము దాటి వచ్చినదని లోకమంతయు చెప్పుకొనెను. నేటి యూనిట్లలోనికి మార్చి చూచినచో అది యూనిట్‌లో మూడవవంతుకు కొంచెము మించును; మన యింటి పాత సీలింగు ఫ్యానును అయిదు గంటలు త్రిప్పుటకు సరిపోవును. అయినను ఆనాటి యాశ్చర్యము అల్పమైనది కాదు. డైనమోనుండి వచ్చు విద్యుత్తు అంతవఱకు పుట్టినక్షణముననే ఖర్చు కావలసిన వస్తువు. గాదెలో పోసిన ధాన్యమువలె దానిని దాచి, కావలసిననాడు కొలిచి తీసికొనవచ్చునని ఆ పెట్టె జనసామాన్యమునకు చూపెను.

1887లో స్కాట్లండులోని మేరీకర్క్ గ్రామమున, జేమ్స్ బ్లైత్ అను ఆచార్యుడు తన విడిది కుటీరపు తోటలో గుడ్డతెఱలు కట్టిన గాలిమరను నిలిపి, దానితో ఫోర్ ఘటములను నింపి, ఇంటికి దీపములు పెట్టుకొనెను. మిగులు విద్యుత్తుతో గ్రామవీథికిని వెలుగునిచ్చెదనని ఆయన యనగా, అది సైతాను పని యని గ్రామస్థులు త్రోసిపుచ్చిరని చెప్పుదురు. మఱుసటియేడు అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున చార్లెస్ బ్రష్ తన భవనము వెనుకటి దొడ్డిలో 144 రెక్కల చక్రము గల గాలిమరను లేపెను. చక్రము వ్యాసము 17 మీటర్లు, డైనమో శక్తి 12 కిలోవాట్లు, ఇంటి నేలమాళిగలో 408 ఘటములు. ఇరువదియేండ్లు ఆ యంత్రము పనిచేసెను. ధనవంతుని వేడుకయే యనుకొన్నను, దాని కూర్పును గమనింపుడు: విద్యుత్తును పుట్టించు సాధనము, దానిని ఘటములకు తానుగా కలుపుచు విడదీయుచుండు కట్టుబాటు, నిలువ, వాడుక. నేరువిద్యుత్తును ఇంటి సామగ్రికి తగినట్లు ఏసీగా మార్చు ఇన్వర్టరు ఒక్కటి తప్ప, నేటి సౌరగృహమునకు ఈ కూర్పుపై క్రొత్తగా చేరిన యంగము లేదు.

ఈ విద్య సామాన్య గృహస్థుని గడప త్రొక్కినది 1916లో. మోటారుకారును చేతితో త్రిప్పి లేపు బాధను తప్పించిన సెల్ఫ్‌స్టార్టరు నిర్మాత చార్లెస్ కెట్టరింగ్, ఒహాయో రాష్ట్రమునందలి డేటన్ నగరమునుండి, పల్లెపట్టుల రైతుల యిండ్లకొఱకు డెల్కో-లైట్ అను సామగ్రిని అమ్మకమునకు పెట్టెను. ఒక చిన్న ఇంజను, దానికి జతపఱచిన డైనమో, 16 గాజు జాడీలు. జాడీకి రెండు వోల్టుల చొప్పున మొత్తము 32 వోల్టులు. గాజు జాడీలగుటచే లోపలి సీసపు పలకలును, వాని నడుమ లేచు బుడగలును, పలకలనుండి రాలి అడుగున పేరుకొను మడ్డియు కంటికి కనబడుచుండెడివి. ద్రవము తగ్గినచో స్వచ్ఛమైన నీరు పోయవలెను. ద్రవపు చిక్కదనమును హైడ్రోమీటరు అను తేలెడి గాజుకాడతో చూచి ఎంత నిలువ మిగిలియున్నదో కనుగొనవలెను. ఇంజనును పగలు రేలు నడుపవలసిన పని లేదు. బట్టలుతుకు దినమునను, ఇస్త్రీ దినమునను దానిని నడిపి, ఆ బరువుపనులను నేరుగా దానిచేతనే చేయించుచు, మిగిలినదానిని జాడీలకు పంపుట గృహనిర్వాహకుల నేర్పు. రాత్రి ఇంజను చప్పుడు ఆగిన తరువాత దీపములకు జాడీలే దిక్కు. 32 వోల్టుల ఇస్త్రీపెట్టెలు, పంకాలు, రేడియోలు ప్రత్యేకముగా తయారై అంగళ్లకు వచ్చుచుండెను. గాలి మెండుగా వీచు మైదానములలో జాకబ్స్ సోదరుల గాలిమరలు ఇంజనుకు బదులుగా అట్టి జాడీలనే నింపుచుండెను.

విద్యుత్తు కంపెనీలు పల్లెలకు తీగ లాగుట గిట్టుబాటు కాదని పెడమొగము పెట్టుటయే ఈ వ్యాపారమునకు బలము. 1930ల నడుమ అమెరికాలోని రైతుల యిండ్లలో పదింట ఒకదానికే కంపెనీ విద్యుత్తు ఉండెను. 1935లో రూజ్‌వెల్టు ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పి, సహకారసంఘములకు అప్పులిచ్చి స్తంభములు నాటింపగా, రెండు దశాబ్దులు తిరుగునప్పటికి పదింట తొమ్మిది యిండ్లకు తీగ చేరెను. గాజు జాడీలు నేలమాళిగలనుండి వెలికివచ్చి పాతసామానులో కలిసిపోయెను.

ఈ పరిణామమును నేను నిందింపను. ఒక యింటికి ఒక ఇంజను చొప్పున పెట్టుకొనుటకంటె ఊరికంతటికి ఒక తీగ చవుక. అందును బీదవానికి చాల చవుక. కాని దానితోపాటు గృహస్థుల చేతినుండి ఒక లెక్క జారిపోయెను. జాడీల యజమాని సాయంకాలము దీపము వెలిగించునప్పుడే తెల్లవాఱు జామునకు ఎంత మిగులునో తలపోసెడివాడు. మీటరు వచ్చిన పిమ్మట నెలకొక పర్యాయము చేతికందు బిల్లు తప్ప వాడుకను గుర్తుచేయునది ఇంట నేదియు లేకపోయెను. సౌరవ్యవస్థను కూర్చవచ్చినవాడు, తన పని నెఱిగినవాడైనచో, మొట్టమొదట అడుగు ప్రశ్న డాబా వైశాల్యమునుగూర్చి కాదు. ప్రొద్దుగ్రుంకిన తరువాత ఏమేమి వాడుదురు, ఎన్ని గంటలు వాడుదురు అనునది. ఈ ప్రశ్నకు తడుముకొనక బదులు చెప్పగల గృహస్థులు నేడు బహు తక్కువ.

సూర్యుని ప్రవేశము టెలిఫోను తీగల వెంబడి జరిగెను. వెలుతురు సోకినప్పుడు విద్యుత్తు జనించుననుట 1839లో బెకరెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొన్నదే. 1880లలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియముపై బంగారపు పలుచని పొఱ నుంచి ఫలకములు చేసెను గాని, మీద పడిన వెలుతురులో అవి విద్యుత్తుగా మార్చినది నూటికి ఒక వంతు ప్రాయము. 1950లలో అమెరికా బెల్ ప్రయోగశాలలవారికి తగిలిన చిక్కు వేఱు. తేమగల ఉష్ణదేశములలో, దూరప్రాంతపు టెలిఫోను యంత్రములకు పెట్టిన పొడిబ్యాటరీలు త్వరగా చెడిపోవుచుండెను. అందులకు మాఱు వెదకు పని డారిల్ చాపిన్ అను ఇంజనీరుపై పడెను. చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు కలిసి చేసిన సిలికాన్ ఘటమును 1954 ఏప్రిల్ 25న లోకమునకు చూపిరి. అది వెలుతురులో నూటికి ఆఱు వంతులను విద్యుత్తుగా మార్చెను. మఱుసటియేడు అక్టోబరులో జార్జియా రాష్ట్రమునందలి అమెరికస్ అను ఊరిలో, టెలిఫోను స్తంభముపై 432 ఘటముల ఫలకము నొకదానిని బిగించిరి. పగలు ఫోనును నడుపగా మిగిలిన విద్యుత్తు నిలువబ్యాటరీకి పోయి రాత్రివేళ సంభాషణలకు అక్కఱకు వచ్చెను.

ఉష్ణదేశముల చిక్కునుండి పుట్టిన వస్తువు ఉష్ణదేశముల యిండ్లకు చేరుటకు దశాబ్దములు పట్టినది. దాని వెల అట్టిది. 1958లో వాన్‌గార్డ్ ఉపగ్రహముతో అది అంతరిక్షమునకే ఎగిరిపోయెను. 1970ల మొదట ఎలియట్ బెర్మన్ అను శాస్త్రజ్ఞుడు వాటుకు 100 డాలర్లున్న వెలను 20 డాలర్లకు దించినగాని అది నేలమీద నిలువలేదు. నిలిచియు మొదట చేరినది మెక్సికో సింధుశాఖలోని చమురుబావుల వేదికలపై హెచ్చరికదీపములకు. బెర్మన్ వెనుకనున్న పెట్టుబడియు చమురుకంపెనీదే. చమురు డబ్బుతో చవుకయైన సౌరఫలకము మొట్టమొదట చమురుబావికే కాపలా కాచినదన్నమాట.

దీపస్తంభములు దాటి మనుష్యుల కాపురములకు అది వచ్చిన తొలి ఘట్టములలో 1978 డిసెంబరు నాటి షుచులి గ్రామము ముఖ్యమైనది. ఆరిజోనా ఎడారిలో ఆదివాసుల పల్లె యది; నాసావారు 3.5 కిలోవాట్ల ఫలకములను నిలిపి, 15 యిండ్లకు దీపములు, చిన్న రిఫ్రిజిరేటర్లు, ఊరుమ్మడిగా బట్టలుతుకు యంత్రము, కుట్టుయంత్రము, నీటిపంపు సమకూర్చిరి. నాకు మిక్కిలి నచ్చినది ఫలకముల సంఖ్య కాదు, ముసురు దినములకు వారు చేసిన యేర్పాటు. బ్యాటరీ తగ్గుచు వచ్చుకొలది ముందుగా ఉతుకుయంత్రము ఆగును. ఆహారమును కాపాడు రిఫ్రిజిరేటరు అన్నిటికంటె చివర ఆగును. లేమి వచ్చినప్పుడు దేనిని వదలుకొనవలెనో, కలిమి యుండగానే తేల్చుకొన్న యా పద్ధతి, నేటి హైబ్రిడ్ ఇన్వర్టర్ల లోపలకూడ వేఱు పేరుతో పనిచేయుచున్నది.

మన దేశమున సాహిబాబాదులోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో తొలి సౌరఘటమును, 1978లో తొలి ఫలకమును తయారుచేసెను. 1982లో కేంద్రప్రభుత్వము సంప్రదాయేతర ఇంధనవనరులకు ప్రత్యేకశాఖను నెలకొల్పెను. ఆ శాఖ సబ్సిడీతో పల్లెలకు పోయిన సామగ్రిలో ఒక నమూనా యుండెను: 37 వాట్ల ఫలకము, 12 వోల్టుల 40 ఆంపియర్-గంటల బ్యాటరీ, 9 వాట్ల సీఎఫ్ఎల్ దీపములు రెండు. దీనిని విడదీసి చూచినచో కూర్పరుల మనస్సు తెలియును. రెండు దీపములు రాత్రి నాలుగు గంటలు వెలిగినచో ఖర్చు 72 వాటు-గంటలు. బ్యాటరీ నిండు నిలువ 480. ఇంత యంతరమేల? ముసురు పట్టి మూడు దినములు సూర్యుడు కనబడకున్నను దీపము ఆఱరాదు, ఆ మూడవ రాత్రియు బ్యాటరీ అడుగంటరాదు. వాయుగుండము పట్టిన దినములను ఎఱిగినవాడు వేసిన లెక్క యిది. 1995లో బెంగళూరున సెల్కో సంస్థ పుట్టి, గ్రామీణబ్యాంకుల అప్పుతో కన్నడదేశపు పల్లెలకు ఇట్టి దీపములను వాయిదాలపై ఇప్పించుటతో, ఉచితముగా వచ్చి మూలబడు సామగ్రికిని, అప్పుచేసి కొని కాపాడుకొను సామగ్రికిని గల భేదము తేటతెల్లమయ్యెను.

తెలుగువారి యిండ్లలో జరిగిన కథ మాత్రము ఈ వరుసకు లొంగదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు పాఱనారంభించెను; 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్తు బోర్డు ఏర్పడెను; లాంతరులును, పెండ్లిపందిళ్ల పెట్రోమాక్సులును క్రమముగా అటకలెక్కెను. తీగ వచ్చిన తరువాత బ్యాటరీతో పని లేదు గదా యని అమెరికా రైతులవలె మనమును అనుకొనియుందుము. కాని మనకు తీగతోపాటు కోతయు వచ్చెను. వేసవి వచ్చినదనగానే కోతల వేళలు పత్రికలలో పడుట, ఆ వేళలనుబట్టి ఇల్లాండ్రు రుబ్బుడు పనిని, పిల్లలు చదువును సర్దుకొనుట మనకు ఋతుధర్మమయ్యెను. అప్పుడు, 1990ల నుండి, మధ్యతరగతి యిండ్లలోనికి ఇన్వర్టరు ప్రవేశించెను. ప్రపంచచరిత్రలో ఇది విచిత్రమైన యాచారము: బోర్డువారి విద్యుత్తునే కొని, బోర్డువారి విద్యుత్తు పోయినప్పటికై దాచుకొనుట. దాచుటలోను, తీయుటలోను నాలుగవవంతుకు పైగా వ్యర్థమైపోవును. ఆ వ్యర్థమునకును బిల్లు మనమే కట్టుదుము. పాతరకము ఇన్వర్టర్లు పంపు మొరటు విద్యుత్తునకు ఫ్యానులు జోరీగలై మ్రోగుచుండగా, ఆ మ్రోతక్రిందనే ఒక తరము పరీక్షలకు చదివెను.

ఆ బ్యాటరీని దగ్గఱనుండి చూడుడు. ఎత్తయిన ప్లాస్టిక్ డొక్క. మీద ఆఱు మూతలు. మూతమూతకు ఒక తేలుబుడ్డి. నీరు తగ్గినకొలది అది లోనికి దిగి ఎఱ్ఱగీటు వద్ద హెచ్చరించును. లోపల ధనధ్రువమునకు చప్పటి పలకలు కాదు, సీసపు కడ్డీల చుట్టు నేతగొట్టములు తొడిగి, వానిలో సీసపుముద్దను కూరిన వరుసలు. అందుచే దానికి ట్యూబులర్ అని పేరు. కారు బ్యాటరీని లోతుగా ఖాళీచేసినచో పలకలనుండి ముద్ద రాలిపోవును. ఇందు గొట్టము పట్టి నిలుపును. రెండు నెలలకో మూడు నెలలకో డిస్టిల్డ్ వాటర్ పోయుట, ధ్రువములపై పూచు తెల్లని పచ్చని చిలుమును వేడినీటితో కడిగి వేసలీను రాయుట, ఆయుధపూజనాడు కుంకుమబొట్టు పెట్టుట, ఇవి దాని నిత్యనైమిత్తికములు. తిరుపతి చేరువ కరకంబాడియందు అమరరాజా వంటి పరిశ్రమ వర్ధిల్లినదనగా, వాహనములతోపాటు మన చీకటియు దానిని పోషించినదనుకొనుటలో తప్పు లేదు. అయితే మన యెండ ఆ బ్యాటరీకి శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో సీసపు బ్యాటరీ ఆయుర్దాయము సుమారు సగమగునని ఈ వృత్తివారి గణన. రెంటచింతల యెండలలో రేకుల వసారాలో పెట్టిన బ్యాటరీ గతి ఊహింపదగినదే. ఫలకములకును ఎండవేడి గిట్టదు. ఘటము 25 డిగ్రీలకు మించి వేడెక్కు ప్రతి డిగ్రీకిని నూటికి సుమారు 0.4 వంతు శక్తి తగ్గును. వెలుతురు కావలెను, వేడి వలదు. మనకు రెండును కలిసియే వచ్చును.

2010లో జాతీయ సౌర మిషన్ మొదలై, ఫలకముల వెలలు వేగముగా పడిపోయిన తరువాత సూర్యుడు మన డాబాలకెక్కెను. 2024లో ప్రకటింపబడిన పీఎం సూర్యఘర్ పథకము 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీనిచ్చుచు కోటి యిండ్లను లక్ష్యముగా పెట్టుకొనెను. కాని ఈ యిండ్లలో తఱుచుగా పెట్టునది బ్యాటరీ లేని పద్ధతి: పగటి మిగులును తీగకు పంపి, రాత్రి తీగనుండి తెచ్చుకొనుట. వీథిలో కరెంటు పోయినచో, మిట్టమధ్యాహ్నమైనను, నిండు ఎండలోనైనను, ఆ వ్యవస్థయు ఆగిపోవును. తీగపై పనిచేయు లైన్‌మ్యాను ప్రాణరక్షణకై అట్లు ఆగవలెనన్నదే నియమము. లక్షలు పోసి ఫలకములు పెట్టించుకొన్న గృహస్థులు పలువురు ఈ సంగతిని మొదటి కోతనాడుగాని తెలిసికొనరు. అమ్మకపువారు దీనిని ముందే చెప్పకపోవుట నాకు అపరాధముగానే తోచును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు దినములతరబడి నగరము అంధకారమున మునిగెను. 2021 ఫిబ్రవరి మంచుతుపానులో టెక్సాస్ రాష్ట్రమున విద్యుత్తు స్తంభింపగా, డల్లాసు పరిసరములందలి తెలుగు కుటుంబములును చలిలో చీకటిలో గడిపినవి. అట్టి రాత్రుల తరువాతనే బ్యాటరీ ప్రసక్తి మరల లేచును.

ఈనాడు గుంటూరునందొక మధ్యతరగతి యింటికి లెక్క కట్టవలసివచ్చినచో, ఆ లెక్క డెల్కో జాడీల నాటి లెక్కయే. 9 వాట్ల ఎల్ఈడీ దీపములు అయిదు, రాత్రి అయిదు గంటలు: 225 వాటు-గంటలు. 75 వాట్ల ఫ్యానులు మూడు, ఎనిమిది గంటలు: 1,800. టీవీకి సుమారు 240. ఫ్రిజ్‌కు దినమునకు ఒక యూనిట్ అనుకొన్నచో, రాత్రి పాలు 500. మొత్తము 2,765. ఇందు సింహభాగము ఫ్యానులదే. వాని స్థానమున 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానులను పెట్టినచో 1,800 కాస్తా 720 అగును. మొత్తము 1,685కు దిగును. 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో నిండు నిలువ 1,800 అయినను, ఆయువు నిలువవలెనన్నచో వాడదగినది సగమే; కావున ఫ్యానులు మార్చని యింటికి అట్టివి నాలుగు కావలెను, మార్చిన యింటికి రెండు సరిపోవచ్చును. మన ప్రాంతమున కిలోవాటు ఫలకము దినమునకు సుమారు నాలుగు యూనిట్లిచ్చును గనుక ఫలకముల పాలు ఇందు సులభము. గడచిన పదునైదేండ్లలో గృహసౌరమునకు ఫలకముకంటె ఎక్కువ మేలు చేసినవి తక్కువ తిను దీపమును, తక్కువ తిను ఫ్యానును అని నా యభిప్రాయము. వానికి కీర్తి రాలేదు.

సీసమునకు ప్రతిపక్షమును లేచినది. 1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని అంగడికి తెచ్చెను. 1997లో గుడెనఫ్ అను శాస్త్రజ్ఞుని బృందము ఇనుము, ఫాస్ఫేటు చేర్చిన రకమును ప్రకటించెను. 2015లో టెస్లా పవర్‌వాల్ గోడకు వ్రేలాడు బ్యాటరీని వేడుకవస్తువుగా మార్చెను. నేడు మన విపణిలో దొరకు 51.2 వోల్టుల లిథియం-ఫాస్ఫేటు పెట్టెను విప్పి చూచినచో లోపల వరుసగా 16 ఘటములుండును. డెల్కో జాడీలును పదునాఱే. నీరు పోయవలసిన పని లేదు; నిలువలో నూటికి 80 వంతులు నిర్భయముగా వాడుకొనవచ్చును.

అయినను సీసమునకు ఒక గుణము కలదు. బ్యాటరీ చచ్చిన తరువాత దుకాణమునకు తీసికొనిపోయినచో, దుకాణదారుడు దానిని కాటాపై నెక్కించి, బరువునుబట్టి వెలకట్టి, క్రొత్తదాని ధరలో తగ్గించును. 2001 నాటి నిబంధనలు ఈ వాపసును చట్టబద్ధము చేసినవి గాని, ఆచారము చట్టమిచ్చిన ఊతపై మాత్రమే నడువలేదు; పాతసీసమునకు గిరాకి యుండుటయే దానిని నడిపెను. ఊరిబయట గుట్టుగా కొలుములు పెట్టి సీసమును కరగించువారి వలన గాలియు నీరును విషమగుట ఈ గిరాకియొక్క చెడువైపు. 2022 నిబంధనలు లిథియంనుకూడ ఈ కట్టడిలోనికి తెచ్చినవి. పదేండ్లు పనిచేసి అలసిన లిథియం పెట్టెను కాటాపై పెట్టి అప్పటికప్పుడు ధర చెప్పు దుకాణము మాత్రము మన పట్టణములలో ఇంకను అరుదు.